కొలత యాడ్నుంచి

చీమకుర్తి హైస్కూలు, తొమ్మిది బీ, మూడో పీరియడు.
జట్టుకి ముప్పై కొబ్బరి ఈనెలు,
బారెడు పురికొస, పిడికెడు బంకమట్టి.
నలభై నిమిషాల్లో ఎంత ఎత్తు లేపుతారో లేపండి,
పైన మాత్రం ఈ రాయి నిలవాలి, అన్నాను.
పాలిష్ మిల్లు గేటు దగ్గర ఏరుకొచ్చిన గెలాక్సీ ముక్క అది.
అగ్గిపెట్టెంత. నల్లటి ఒంట్లో సన్నటి మెరుపులు.
కిటికీ వైపు తిప్పితే నవ్వుతుంది,
ఇటు తిప్పితే మూతి ముడుచుకుంటుంది.

ఈనెలు ఆయా వెంగమ్మ చీపురువి.
అడగకుండా తీశాను. ఆ సంగతి తర్వాత.

మొదటి పది నిమిషాలూ పోట్లాట.
ఏసోబు జట్టు పుల్ల మీద పుల్ల పెట్టుకుంటూ పోయి
ఫ్యాను ఆపండి సార్ అని ఒకటే గోల.
ఫ్యాను తిరగడం లేదు. కరెంటు పొద్దున్నే పోయింది.
మీరాబీ మాట్లాడకుండా ఈనెల్ని మూడేసి కలిపి పేనింది,
నిలువు పుల్లల మధ్య ఏటవాలుగా పుల్లలు కట్టింది.
ఎవరు నేర్పారే అంటే
మా మంచం కోడు ఊగితే మా అబ్బ ఇట్లనే కడతాడు సార్, అంది.

పదకొండుంబావు.
పిల్లలందరూ ఉన్నట్టుండి చేతులు చాచి
గాలికి దీపాన్ని కాసినట్టు
ఎవరి కట్టడాన్ని వాళ్లు కాచుకున్నారు.
ఏమైందిరా అని అడగబోతున్నాను.
నేల వణికింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి.
క్వారీలో తూటాలు.
జూన్‌లో కావలి నుంచి వచ్చిన నాకు
ఆ వేళ ఇంకా ఒంటబట్టలేదు.
ఏసోబుది మటుకు చేతుల్లోనే కూలింది.
నవ్వాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

మాల్యాద్రి జట్టు జాడే లేదు.
వెతికితే, వరండా అవతల, చేతులు కడిగే కొళాయి పక్కన
తడి నేలలో కంపాసు ముల్లుతో, పెంకు ముక్కతో
గుంత తవ్వుతున్నారు.
ఏందిరా ఇది?
బెంచీ మీదే కట్టాలని మీరు చెప్పలా గదా సార్.

నిజమే, చెప్పలా.

గుంతలో నాలుగు కాళ్లు దించాడు, మట్టి కూరాడు,
మడమతో తొక్కాడు.
పూడ్చేముందు పుల్ల మీద పెన్నుతో గీత పెట్టుకున్నాడు.
ఆ గీత ఎందుకో అప్పుడు అర్థం కాలా నాకు.

మీరాబీ వాళ్లమ్మ కుట్టుపని టేపుతో కొలిచాను.
మీరాబీది యాభై ఒకటి. రాయి నిలిచింది.
మాల్యాద్రిది నేల మీద నలభై మూడు. రాయి నిలిచింది,
కదిపినా కదల్లేదు.
సార్, కొలత యాడ్నుంచి?
నేల నుంచా, గుంత అడుగు నుంచా?
అడుగు నుంచైతే ఇంకో పదకొండు.

అట్లయితే నేను బాయిలో కడతా! అంది మీరాబీ.
అందరూ ఘొల్లుమన్నారు.
మాల్యాద్రి నవ్వలేదు.
మా నాయన పొద్దున్నే లారీలో చుట్లు తిరుక్కుంటా కిందికి పోతాడు సార్.
ఆడ నిలబడి చూస్తే
మన బడి మేడ మీదుంటదంట.

బోర్డు మీద రెండంకెలూ వేశాను.
కింద గీత గీశాను. ఏమీ రాయలేదు.
గుడ్ల బుట్ట వచ్చింది, బెల్లు కొట్టారు,
ఇంజనీర్లంతా కంచాలు పట్టుకుని పరుగు.

వెంగమ్మ ఊరుకుంటుందా?
సగం చీపురు చేత్తో పట్టుకుని వచ్చి
నన్నూ నా చదువునీ కలిపి కడిగి
ఒక్కో గోపురాన్నీ పీకి ఈనెలు ఏరుకుంది.
కొళాయి దగ్గరది లాగింది. రాలేదు.
ఇంకోసారి లాగింది.
దీని దుంప తెగ, పాతుకుందే, అని వదిలేసింది.

సాయంత్రం బండి మీద పోతూ
క్వారీ అంచున, కంచె దగ్గర ఆగాను.
పొద్దు గూకింది. లోపలంతా నలుపు.
అట్టడుగున లారీ దీపాలు రెండు, యంత్రం దీపం ఒకటి,
ఇంకెవరిదో టార్చి.
అటు తిరిగితే మెరుస్తున్నాయి, ఇటు తిరిగితే లేవు.

చెయ్యి జేబులోకి పోతే టేపు తగిలింది.
రేపు మీరాబీకి ఇవ్వాలి.